ఇసిదోరో పారీ గారికి కబురు

ఆకురాలు కాలపు బుధవారం సాయంత్రం. రేడియోలో కబుర్లు చదివే వేళకు ఇద్వాల్ వంటింటి బల్ల ముందు కూర్చుని రొట్టె ముక్కకు వెన్న రాస్తున్నాడు. ఫోను తీగలు పోని పొలాలకు, దూరాన ఉన్న గొర్రెల మేతలకు, పెళ్లి కబురైనా పురుటి కబురైనా ఆ రేడియో గొంతే మోసుకుపోవాలి. అందుకని చుబుత్ లోయలో ఆ వేళకు రేడియో పెట్టని ఇల్లు ఉండదు.

"పైమేతలో ఉన్న లిసాండ్రోకి: మీ ఆవిడకి ఆడపిల్ల, తల్లీపిల్లా క్షేమం. దోన్యా ఎర్మెలిందాకి: మీ కుట్టుమిషను బాగయింది, వచ్చి పట్టుకెళ్లండి. నలభై ఒకటో కమతం ఇసిదోరో పారీ గారికి కాలవ ఆఫీసు నుంచి: ఈ ఏటి మీ ఆఖరి నీటి వంతు శనివారం కాదు, రేపు తెల్లవారుజామునే. తూము చూసుకోగలరు."

ఎవరో పాపం, అనుకున్నాడు ఇద్వాల్. లోయలో పారీలకు కొదవ లేదు. ఏ కాలవ గట్టు మీద నిలబడి ఆ పేరు పిలిచినా ఇద్దరైనా తిరిగి చూస్తారు. వాళ్లలో ఇసిదోరో అనేవాడెవడో అతనికి తట్టలేదు. కమతాల నంబర్లంటారా, అవి ఆఫీసు పుస్తకాల్లో బతికేవే తప్ప మనుషుల నోళ్లలో బతికేవి కావు. అతని పొలాన్ని అతను పుట్టకముందు నుంచీ అందరూ మైస్ హెలిగ్ అనే పిలిచారు. విల్లో చెట్ల పొలమని ఆ మాటకు అర్థం. 'ఆ మనిషి విన్నాడో లేదో' అని, తెలియని ఆ ఇసిదోరో మీద కాస్త జాలిపడి, మిగిలిన రొట్టె నోట్లో వేసుకుని, లాంతరు పుచ్చుకుని వెన్నగదిలోకి దిగాడు.

వెన్నగది ఇంటి వెనుక నేలలోకి దిగిన చిన్న మాళిగ. ముత్తవ్వ మార్గెద్ వెన్న దాచిన చోటు కావడం వల్ల, వెన్న చిలకడం మానేసి రెండు తరాలైనా పేరు మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడక్కడ చిన్న పీట మీద ఒక చెక్కపెట్టె ఉంది. పెట్టెలో మార్గెద్ ఉంది.

అలా అనుకోవడమే అతనికి అలవాటు. ఓడెక్కి ఈ లోయకు వలస వచ్చిన మార్గెద్, వేల్స్ దేశంలో ఉండిపోయిన అక్కకు రాసిన ఉత్తరాలు, ఆ అక్క కూతురు ఎప్పుడో తిరిగి పంపించినవి. అక్క రాసిన జవాబులు. కాలవ తవ్వేనాడు రైతులు చేసుకున్న ఒప్పందం. ఏ మడిలో ఏ విత్తనం వేశారో ముత్తాత ఇథెల్ రంగుల సిరాలతో గీసుకున్న పొలం బొమ్మ. వందేళ్ల నాటి ఒక సేద్యపు కుటుంబం ఆ పెట్టెలో పట్టింది. లోయ లోయంతా మునిగిన పెద్ద వరదనాడు మార్గెద్ ఆ పెట్టెను ఒడిలో పెట్టుకుని బండి మీద గుట్ట ఎక్కిందని, కవ్వాన్ని నీళ్లకు వదిలేసి కాగితాలను తెచ్చినందుకు ఇథెల్ ఆమెను బతికినన్నాళ్లూ దెప్పాడని ఇంట్లో చెప్పుకునేవారు.

ఆ రోజుల్లో కాగితం కరువు. మార్గెద్ పుట నిండా రాసి, చోటు చాలక, కాగితాన్ని పక్కకు తిప్పి ఆ అక్షరాల మీదనే అడ్డంగా మళ్లీ రాసేది. పొలాన్ని నిలువుచాళ్లు దున్ని, వెంటనే అడ్డచాళ్లు దున్నినట్టు. చదవాలంటే కాగితాన్ని వాలుగా పట్టుకుని, ఒక చాలు వెంబడే చూపును నడిపించాలి. పక్క చాల్లోకి జారితే గోధుమల మధ్య పురిటి నొప్పులు, పురిటి నొప్పుల మధ్య కోడిపిల్లలు వచ్చి పడతాయి. నలుగురిలో నోరు పెగలని ఇద్వాల్‌కు ఆ నడక ఇష్టం. వేసవి చివర నుంచి రోజూ కొంత చదివి, బడిపిల్లల నీలి సిరాతో ఒక లావుపాటి పుస్తకంలోకి శుభ్రంగా ఎత్తి రాస్తున్నాడు.

నిజానికి ఆ పెట్టె ఈపాటికి ఊళ్లోని మ్యూజియంలో ఉండాలి. మేనత్త మెయిర్వెన్ దానిని మ్యూజియానికి ఇస్తానని మాటిచ్చింది. కొన్ని నెలలు ఆగమని అతనే బతిమాలాడు. మ్యూజియం చూసుకునే దెల్మీరా అయిష్టంగానే ఒప్పుకుంది: "ఎండ తగలనివ్వకండి. పొయ్యి దగ్గర పెట్టకండి. చల్లగా, చీకటిగా ఉండే చోట ఉంచండి." మెయిర్వెన్ అత్త మాత్రం వేలు చూపించి మరీ చెప్పింది: "జూలైలో మనవాళ్లు ఓడ దిగిన పండగ నాటికి ఇచ్చెయ్యాలి. ఈలోపు వాటికేమైనా అయిందంటే మా నాయనమ్మ లేచొచ్చి నిన్నే అడుగుతుంది, నన్ను కాదు."

చల్లగా, చీకటిగా ఉండే చోటు ఆ ఇంట్లో వెన్నగది ఒక్కటే.

*

తెల్లవారుతుండగా బాతుల అరుపు అతన్ని లేపింది. బాతులు కాలవలో అరవాలి. ఇవి కిటికీ కింద అరుస్తున్నాయి.

ఇద్వాల్ తలుపు తీశాడు. వాకిలి ఆకాశాన్ని మోస్తూ మెరుస్తోంది. పోయిన వంతు తర్వాత బోదె ఆరాలని తూము పలకను ఎత్తి ఉంచాడు. శనివారం దాకా పనేముందని దించలేదు. ఆ తూము గుండా కాలవ సగం అతని పొలంలోకి నడిచి వచ్చింది. మడులు నింపి, గట్టు దాటి, ఇంటి చుట్టూ తిరిగి, పల్లం ఎక్కడుందో వెతుక్కుని వెన్నగది మెట్లు దిగింది.

అతను కూడా దిగాడు. చలికి ఊపిరి ఆగినంత పనైంది. నీళ్లు తొడల దాకా ఉన్నాయి. పెట్టె పీట మీద నుంచి లేచి, ఒక పక్కకు ఒరిగి, గోడను మెల్లగా తడుతూ తేలుతోంది. ఎత్తబోతే అప్పుడే పుట్టిన దూడంత బరువు. రెండు చేతులా పొదివి పట్టుకుని పైకి తెచ్చి, వరండాలో దించి, మూత తీయకుండా ముందు పరుగున వెళ్లి తూము పలకను దించాడు. తిరిగి వచ్చి, ఇక తప్పక, మూత తీశాడు.

పైన అతని పుస్తకం ఉంది. తెరిస్తే ప్రతి పుటా నీలిరంగు చెరువు. ఒక్క అక్షరం లేదు. దాన్ని పక్కన పెట్టాడు. దాని కింద ఉత్తరాలన్నీ కలిసి ఒకే తడి ముద్దలా కూర్చున్నాయి. పైనున్న ఒక్కదాన్ని ఒలిచి తీసి, చదవడానికి ధైర్యం చాలక, కళ్లు పక్కకు తిప్పుకుని, దండెం మీద వేసి బట్టల పిన్ను పెట్టాడు. ఇంకోటి వేశాడు. ఇంకోటి. సూర్యుడు పైకొచ్చేసరికి దండెం నిండా మార్గెద్ వేలాడుతోంది. పెట్టెలో ఇంకా సగానికి పైగా ముద్దగానే ఉంది.

పొద్దెక్కేసరికి ఆ లోయలో గాలి లేస్తుంది. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన గాలి. ఆ ఒక్క పొద్దున అతను దాన్ని మరిచిపోయాడు. సగం ఆరిన మొదటి ఉత్తరం ఒకసారి రెపరెపలాడి, పిన్నును విదిలించుకుని, పాప్లార్ చెట్ల వరుస మీదుగా దారివైపు ఎగిరిపోయింది. ఇద్వాల్ మిగతా వాటిని రెండు చేతులా గుండెకు అదుముకుని, దాని వెనక పరుగెత్తాడు.

దారి మీద ఫోర్తునాతో వ్యాను వస్తోంది. ఊళ్లో మాంసం కొట్టు అతనిదే. పొలాల మీద గొర్రెపిల్లల్ని కొనడానికి పొద్దున్నే బయలుదేరుతాడు. ఎగిరిన కాగితం తిన్నగా వెళ్లి ఆ వ్యాను ముందు అద్దానికి చెంపపెట్టులా అతుక్కుంది. బ్రేకు కీచుమంది. వ్యాను ఆగింది. అద్దం వెనుక, ఫోర్తునాతో పక్క సీట్లో, మెయిర్వెన్ అత్త కూర్చుని ఉంది.

ఇద్వాల్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎవరికి ఎలా చెప్పాలో రాత్రి దాకా ఆలోచించుకోవచ్చనుకున్నాడు. ఇప్పుడు ఆలోచించుకోవడానికేమీ మిగల్లేదు.

అత్త దిగలేదు. కళ్లజోడు సవరించుకుని, మెడ చాచి, అద్దానికి అవతల అతుక్కున్న ఉత్తరాన్ని లోపలి నుంచి చూస్తోంది. మొదటి పుట ఆమె వైపు తిరిగి ఉంది. తల వాల్చి, చూపును ఒక చాల్లో పెట్టి, పెదవులు కదిపింది. ఫోర్తునాతో కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"తమ్ముడూ, మీ అత్తగారు నా అద్దం మీద బైబిలు చదువుకుంటున్నారు. పేజీ తిప్పమంటావా?"

"నోర్ముయ్యి ఫోర్తునాతో, చదవనియ్యి," అంది అత్త. తర్వాత గట్టిగా, బడిలో పాఠం చదివినట్టు చదివింది: "'అక్కా, కుందేలు దొరికితే కుందేలు, లేకపోతే గంజి. రాత్రి కల్లో గొర్రెపిల్ల మాంసం వండావు నువ్వు. గిన్నె నా దాకా వచ్చేలోపు మెలకువొచ్చేసింది.'"

ఇద్వాల్‌కు ఆ మాటలు కొంతసేపటికి గాని చెవిన పడలేదు. పడ్డాక, చేతుల్లోని కాగితాలను మొదటిసారి చూసుకున్నాడు. అక్షరాలు ఉన్నాయి. నిలువుచాళ్లూ ఉన్నాయి, అడ్డచాళ్లూ ఉన్నాయి. అంచుల్లో కొంచెం గోధుమరంగు చెమర్చింది, అంతే. కాగితం తడిసింది, మార్గెద్ తడవలేదు.

గట్టు మీద కూలబడ్డాడు. ఏడుపో నవ్వో తెలియనిది ఒకటి లోపల్నుంచి తన్నుకొచ్చింది.

"అత్తా, నేను..."

"నువ్వు రేడియో వినలేదా?" మెయిర్వెన్ అత్త దిగి వచ్చింది. బూట్లలోంచి ఇంకా ఇంట్లో వేసుకునే ఉన్ని మేజోళ్లే కనబడుతున్నాయి. "నీ వంతు మారిందని రాత్రి చెప్పాడు కదరా!"

"విన్నాను. నా పేరు చెప్పలేదు. ఎవరో ఇసిదోరోకి చెప్పాడు."

అత్త అతని మొహంలోకి చూసింది. ఫోర్తునాతో అత్త మొహంలోకి చూశాడు.

"ఒరేయ్," అంది ఆమె మెల్లగా, "ఇసిదోరో నువ్వేరా."

ఆ మాట అతనిలోకి నీళ్లలాగే మెట్టు మెట్టూ దిగింది. గుర్తింపు కార్డు మీద ఉంది ఆ పేరు, చూసే ఉన్నాడు. కానీ ఆ పేరుతో అతన్ని తల్లి లేపలేదు, బడి పిలవలేదు, చర్చి పిలవలేదు. సైన్యంలో ఉన్న ఏడాది ఉత్త పారీ. అది కార్డు పేరు, అతని పేరు కాదు.

"ఇద్వాల్ అంటే రిజిస్టరులో రాయనన్నాడు గుమస్తా," అంది అత్త. "మన వేల్స్ పేర్లు సర్కారు జాబితాలో ఉండవుగా. మీ నాన్న కోతల్లో ఉన్నాడు, నిన్నెత్తుకుని వెళ్లింది నేనే. మొదటి అక్షరమైనా కలవనీ అనుకుని చూస్తే రెండే ఉన్నాయి. ఇగ్నాసియో, ఇసిదోరో."

"మరి ఇగ్నాసియో పెట్టాల్సింది," అన్నాడు ఫోర్తునాతో. "అదే బావుంది."

"ఆ పేరుతో అప్పట్లో ఒకడుండేవాడు. వాడి సంగతి నీకెందుకు? కాలవ ఆఫీసులోకి కొత్త గుమస్తా వచ్చాడట, రిజిస్టరు చూసి కబురు పంపుతున్నాడు. పాతాయనైతే 'విల్లో పొలం ఇద్వాల్' అనేవాడు. రాత్రి కబురు విన్న దగ్గర్నుంచి నాకు అనుమానమే. వీడికి వీడి పేరు తెలుసో లేదో అని నిద్ర పడితే ఒట్టు. పొద్దున్నే ఈ మాంసం వాడి కాళ్లా వేళ్లా పడి వచ్చాను."

"కాళ్లా వేళ్లా ఎక్కడ పడ్డారు పెద్దమ్మా? నా సీట్లోంచి గొర్రె తాడు తీసి బయట పడేసి కూర్చున్నారు."

ఇద్వాల్ తల ఎత్తలేదు. "నన్ను తిట్టవా అత్తా?"

"తిడతాను. ముందు వాటిని ఆరబెట్టాలి. మా పొయ్యి వెచ్చగా ఉంది, రొట్టెలు దించగానే లోపల పరిచేద్దాం. పట్టు."

*

పొయ్యిలో పడకుండా ఉత్తరాలను ఆపింది దెల్మీరా. అత్త ఇంటికి పోయే దారిలోనే ఆమె ఇల్లు. ఎందుకైనా మంచిదని ఇద్వాల్ వ్యాను ఆపించాడు. నోరు తెరిచి తనంతట తాను అడగడం ఆ పొద్దున అతను చేసిన మొదటి మంచి పని. దెల్మీరా జుట్టుకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, వ్యాను వెనుక తలుపులు తీసి, పెట్టెలోకి చూసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"పొయ్యి వద్దు. ఎండ వద్దు. ఇస్త్రీపెట్టె అన్న మాట ఎవరైనా ఎత్తితే చంపుతాను. దండెం మీద వేసిన మహానుభావుడెవరు?"

"ఇసిదోరో అని ఒకాయన," అన్నాడు ఫోర్తునాతో.

దెల్మీరా వినిపించుకోలేదు. వేలి చివరతో ఒక అంచును తాకింది. ఆమె భుజాలు కిందికి జారాయి. అంతవరకూ ఎంత బిగబట్టి ఉందో అప్పుడు తెలిసింది. "నిలిచింది. పాతకాలపు సిరా ఇది, మాచికాయా అన్నభేదీ వేసి కాచింది. పైన ఉండదు, కాగితంలోకి దిగిపోతుంది. నీళ్లకు దొరకదు. కానీ ఈ ముద్దని ఇప్పుడు విడదీస్తే చిరుగుతుంది, ఇలాగే వదిలేస్తే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. ఇది ఆగాలి. ఎలా ఉన్నది అలా గడ్డకట్టిపోవాలి. తర్వాత కొంచెం కొంచెంగా తీసి, అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టుకుంటాను. గడ్డకట్టేంత చల్లటి గది ఎక్కడ దొరుకుతుంది?"

ముగ్గురూ ఫోర్తునాతో వైపు తిరిగారు.

"అర్థమైంది," అన్నాడతను. "మీ నాయనమ్మగారిని నా గొర్రెపిల్లల మధ్య పడుకోబెట్టాలి. అంతేనా?"

"కల్లో అడిగిందిగా," అంది అత్త. "తీసుకెళ్లు."

అలా ఆ వందేళ్ల ఉత్తరాలు, మైనం కాగితంలో చిన్న చిన్న పొట్లాలై, మాంసం కొట్టు వెనుక చల్లటి గదిలోకి చేరాయి. పైన కొక్కేలకు గొర్రెపిల్లలు, కింద అరల మీద మార్గెద్, ఇథెల్, సముద్రానికి అవతలి అక్క. గది తలుపు మూసుకున్నాక, ఆ మందపాటి తలుపు మీద ఇద్వాల్ అరచేయి ఆనించి కాసేపు నిలబడ్డాడు. చల్లదనం చేతిలోకి పాకింది.

"ఇప్పుడు తిడతాను," అంది మెయిర్వెన్ అత్త.

"తిట్టత్తా."

ఆమె ఆలోచించింది. "ఆ పుస్తకం ఏమైంది? ఎత్తి రాస్తున్నావుగా?"

"మొత్తం పోయింది. ఒక్క అక్షరం మిగల్లేదు."

"మొత్తమా?" ఆమె గొంతు మారింది. తిట్టు మరిచిపోయింది. అతని చెవి పట్టుకుని, చిన్నప్పుడు పట్టుకున్నట్టే ఒకసారి లాగి వదిలేసింది. "సరే. మళ్లీ రాద్దువుగాని. మంచి సిరాతో."

*

ఆ తర్వాత ప్రతి బుధవారం ఇద్వాల్ ఊళ్లోకి వచ్చాడు. మాంసం కొట్టులో వరుసలో నిలబడి, తన వంతు రాగానే, "ఒక పొట్లం," అనేవాడు. వెనకున్న ఆడవాళ్లు ఏ ముక్కలో అంత మంచివి మైనం కాగితంలో కట్టిస్తున్నాడని మెడలు సాచేవారు. "పాత మాంసం. మీకు అరగదు," అనేవాడు ఫోర్తునాతో. ఇద్వాల్ పొట్లాన్ని కోటు లోపల దాచుకుని మ్యూజియానికి నడిచేవాడు. అక్కడ దెల్మీరా బల్ల మీద అది మెల్లగా కరిగేది. కరిగాక ఇద్దరూ చెరొక వైపు కూర్చుని, ఎముక పుల్లతో ఒక్కొక్క పుటను లేపి, అద్దుడు కాగితాల మధ్య పరిచేవారు. పని ఒద్దికగా సాగాలంటే మాట్లాడుకోక తప్పదు. మొదటి వారం అతను "ఇటు" అని, "అటు" అని మాత్రమే అన్నాడు. చలి ముదిరేసరికి, ఎరువు ఎక్కువై ఏ మడిలో గోధుమ పడిపోయిందో, ఆ సంగతి ఏ అడ్డచాల్లో ఉందో, ఆపకుండా చెబుతున్నాడు. ఎత్తి రాయడం కూడా మళ్లీ అక్కడే మొదలుపెట్టాడు, నల్లటి సిరాతో.

అన్నీ దక్కలేదు. ఇథెల్ గీసుకున్న పొలం బొమ్మలో రంగులు ఒకదానిలోకి ఒకటి పారి, బార్లీ మడి గోధుమ మడిని కలుపుకుంది. పెట్టె అడుగున ఉన్న ఒకటి రెండు జవాబులు పీచుగా వచ్చాయి. కానీ మార్గెద్ రాసినవి ఒక్కటీ పోలేదు. చివరి పొట్లం విప్పి, చివరి పుట లేపి, అవతలి వైపు కూడా చదవడానికి వస్తోందని చూశాక, దెల్మీరా కుర్చీలో వెనక్కి వాలి పెద్ద ఊపిరి విడిచింది. అద్దుడు కాగితం ఒకటి ఆ ఊపిరికి లేచి పడింది.

చలికాలం నడిమికి, జూలైలో, పండుగ వచ్చింది. చర్చి పక్క గదిలో పొడవాటి బల్లల మీద టీ కూజాలు, వెన్న రాసిన రొట్టెలు, నల్ల కేకు ముక్కలు. పెట్టె పక్కన పెట్టే చీటీ మీద ఇచ్చినవారి పేరు రాయడానికి దెల్మీరా కలం పట్టుకుంది.

"ఏ పేరు రాయమంటారు?"

ఇద్వాల్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా చెప్పాడు. "రెండూ రాయండి. తడిపింది ఇసిదోరో. ఆరబెట్టింది ఇద్వాల్."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. మెయిర్వెన్ అత్త అందరికంటే గట్టిగా నవ్వి, వెంటనే ఒక ఉత్తరం తీసి అతని చేతిలో పెట్టింది. "చదివేది కూడా నువ్వే. తప్పించుకోలేవు."

అదే ఉత్తరం. వ్యాను అద్దానికి అతుక్కున్నది. ఒక మూల పిన్ను చింపిన గాటు ఇంకా ఉంది. అతని గొంతు మొదటి మాట దగ్గర తడబడింది, రెండో మాట దగ్గర నిలబడింది. కుందేలు, గంజి, కల, గిన్నె. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఇదేంటమ్మా, కాగితం గొర్రె మాంసం వాసనేస్తోంది?"

"వెయ్యనీ," అంది మెయిర్వెన్ అత్త, కేకు ముక్క తుంచుకుంటూ. "వందేళ్లుగా అడుగుతోంది పిల్ల. ఇప్పటికి అందింది."

ఇద్వాల్ నవ్వు ఆగేదాకా ఆగి, కాగితాన్ని పక్కకు తిప్పి, అడ్డచాలు అందుకున్నాడు.